రేపల్లెలో చేత్తో దిద్దిన ఫైలు

మొన్న మా ఇంట్లో కొత్త ఇంటర్నెట్ పెట్టె బిగించడానికి వచ్చినతను, ఏ నంబరు ఎక్కడ రాయాలో చెబుదామని కళ్ళజోడు సవరించుకుంటున్న నన్ను ఆపి, "మీరేం ముట్టుకోకండి బాబాయిగారూ, అన్నీ అదే రాసుకుంటుందండి" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది, అతని మీద కాదు.

కాలేజీ కంప్యూటర్లన్నిటినీ నడిపే యూనిక్స్ సర్వరంటే అప్పట్లో ఎంత చాకిరీయో మన కాలంవాళ్ళకు తెలుసు. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఒకే యాజమాన్యం నడిపే మూడు కాలేజీలకూ నేనొక్కణ్ణే. ఏ కంప్యూటరుకు ఏ చిరునామా ఇవ్వాలో, ఏ పేరుతో పిలిస్తే ఏ యంత్రం పలకాలో అన్నీ ఫైళ్ళలో స్వయంగా టైపు చేస్తూ, పాసింజరు బండిలో పులిహోర డబ్బాతో తిరిగేవాణ్ణి. ఒక్క చుక్క తప్పినా కాలేజీ అంతా ఆగిపోయేది గనక, నా చేతిని మించిన చెయ్యి లేదని మహా పొగరు నాకు. అందుకే, తెనాలిలో నా కింద కొత్తగా చేరిన మా తోడల్లుడు, మూడుచోట్ల ఫైళ్ళనూ అక్కణ్ణుంచే సరిచేసే ప్రోగ్రాం పెడుతున్నానని మెయిలు పంపితే, నిన్నగాక మొన్న వచ్చి నాకు చెప్పేదేంటని తెరిచి కూడా చూడలేదు; అందులో ఏముందో తర్వాత తెలిసిందే.

ఆ వారమే రేపల్లెలో పరీక్షల విభాగం ప్రింటరుకు కొత్త చిరునామా ఇవ్వాల్సొచ్చింది. ఫైల్లో దిద్ది, టీ తాగి వచ్చేసరికి పాత చిరునామాయే ఉంది. మూడుసార్లు దిద్దాను, మూడుసార్లూ అంతే. హాల్ టికెట్లు ఆగిపోయి వరండా అంతా పిల్లల గోల. సర్వరున్న గది తాళంచెవి నేను కాక ఒక్క అటెండరక్క దగ్గరే ఉండేది. చెరుకుపల్లి నుంచి వచ్చే ఆవిడ, భర్త పోయాక ఆ జీతంతోనే కూతుర్ని నర్సింగు చదివించుకుంటోంది. "ప్రభువు తోడు తమ్ముడూ, ఊడ్చి తాళం వెయ్యడం తప్ప ఆ పెట్టె నేను ముట్టనైనా ముట్టను" అని ఏడ్చింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నాకు తెలియనిదాన్ని ఆవిడ నెత్తిన రుద్ది ఫిర్యాదు రాసిచ్చాను. సాయంత్రానికల్లా పనిలోంచి తీసేశారు.

మర్నాడు ఆవిడ లేకుండానే ఫైలు మళ్ళీ పాతదైంది. తోడల్లుడికి ఫోన్ చేస్తే, "మెయిలు చూడలేదా అన్నయ్యా? అక్కడ దిద్దింది నిలవదు, అసలు కాపీ తెనాలిలో ఉంది, అరగంటకోసారి దాన్ని బట్టే మారిపోద్ది" అన్నాడు.

చెరుకుపల్లి వెళ్ళి, నాట్లకు పోయి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్న అక్కకు తప్పు నాదేనని చెప్పుకున్నాను. "నా మీద కాగితం రాశావు గదా తమ్ముడూ, ఇదీ కాగితం మీద రాసియ్యి" అంది. సరేనన్నాను గానీ, బస్సెక్కాక పరువు గుర్తొచ్చింది. రేపు, ఎల్లుండి అనుకుంటూ రాయనేలేదు. కూతురి చదువు ఆ ఏడే ఆగిపోయిందని తర్వాత విన్నాను. ఛీ, ఏం బతుకు!

ఇప్పుడు ఏ అక్షరం ఎవరు, ఎప్పుడు మార్చారో యంత్రాలే రాసిపెడుతున్నాయట. ఎవరి మీదా ఊరికే పడక్కర్లేదు. ఆ రోజుల్లో మనిషి మాట నమ్మితే సరిపోయేది, నేను అదీ చేయలేదు. రిటైరయ్యాక ఆ కాగితం రాశాను. కాలేజీ అప్పటికే మూతపడింది, తీసుకునే నాథుడు లేక అక్కకే తీసుకెళ్ళి ఇచ్చాను. నెమ్మదిగా చివరిదాకా చదివి, "ఇప్పుడు నీకు పోయేదేం లేదుగా తమ్ముడూ" అని తిరిగి నా చేతిలోనే పెట్టేసింది.