ఎవరూ లేరని వాదించిన మాస్టారితో అమీర్‌పేటలో ఒక ఆదివారం

ఈ విశ్వంలో మనం కాక తెలివైన ప్రాణులు ఇంకెక్కడైనా ఉన్నాయా అన్న విషయం మీద సోమాజిగూడలో చర్చ పెట్టారు. కాకినాడలో నాకు ఫిజిక్స్ చెప్పిన మూర్తి మాస్టారు ‘ఎవరూ లేరు’ అనే పక్షాన మాట్లాడతారని తెలిసింది. అప్పటికి ఆయన భార్య సరోజ గారు మెదడులో నరం చిట్లి, పంజాగుట్ట ఆస్పత్రిలో స్పృహ లేకుండా ఉన్నారు. ఇంత కష్టంలో ఈయనకు గ్రహాంతరవాసుల గోల ఎందుకని విసుక్కుంటూనే రైలెక్కాను.

పొద్దున్నే సికింద్రాబాద్‌లో దిగి సిటీ బస్సు పట్టుకుంటే అరగంటలో అమీర్‌పేట. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల జోరు మీదున్న రోజులవి. జావా, టెస్టింగ్ అంటూ అంటించిన కాగితాల కింద గోడలకు ఏ రంగు వేశారో కూడా తెలిసేది కాదు. మాస్టారు కూడా కాలేజీ ఉద్యోగం వదిలేసి అక్కడే జావా చెబుతున్నారు. ఆయన గది కింద బండి దగ్గర ఇడ్లీ తింటూ ఆయన పేరెత్తాను. పన్నెండు రూపాయలకు కడుపు నిండింది.

“మూర్తి సారా? ఎరుకే అన్నా. అమ్మకు బాగలేనప్పటి సంది సరిగ తింటలేడు. జర మీరన్నా చెప్పున్రి,” అన్నాడు బండాయన.

పైకి వెళ్లి మాస్టారికి అదే చెప్పాను. ఆయన తలూపి ఆటో పిలిచారు. సోమాజిగూడకు పావుగంట పట్టింది.

చర్చలో ఆయన గొంతు ఎక్కడా వణకలేదు. “మన గెలాక్సీ వయసు వెయ్యి కోట్ల ఏళ్ల పైమాటే. ఒక్క నాగరికత పుట్టి నలుదిక్కులా విస్తరించినా ఈపాటికి దాని జాడ మనకు తగలాలి. రేడియో టెలిస్కోపులతో దశాబ్దాలుగా వింటున్నాం. ఒక్క పిలుపూ రాలేదు.”

ఒక ఇంజినీరింగ్ అమ్మాయి లేచింది. “మనం విన్నది ఆకాశంలో ఏ మూల సార్? వాళ్లు మాట్లాడే తీరే మనకు తెలియకపోతే?”

“కావచ్చమ్మా. కానీ ఎన్నాళ్లు వినాలో ఒక గడువు పెట్టుకోవాలి. గడువు లేకుండా ఎదురుచూస్తే అది సైన్సు కాదు, ఆశ.”

హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను.

సాయంత్రం ఆస్పత్రికి వెళ్లాం. ఐసీయూ బయట డాక్టరు ఎదురయ్యారు. “ఇంటికి తీసుకెళ్లే సంగతి ఏమనుకున్నారు మూర్తి గారూ?”

ఆ మాట నయమైనవాళ్ల గురించి అనేది కాదని అక్కడ కూర్చున్న అందరికీ తెలుసు.

“ఇంకో వారం చూద్దామండి.”

“పోయిన వారం కూడా ఇదే అన్నారు.”

“అవునండి,” అన్నారు మాస్టారు, నేల చూస్తూ.

లోపలికి ఒక్కరినే పంపుతారు. ఊరి నుంచి వచ్చానని బతిమాలితే గార్డు నన్నూ వదిలాడు. మాస్టారు మంచం పక్కన నిలబడి పొద్దుటి వాదనంతా ఆమెకు వరసగా చెప్పారు. రెండు మాటలు చెప్పడం, “అర్థమైందా?” అని క్లాసులో లాగే ఆగడం. ఆగినప్పుడల్లా ఆమె ముఖంలోకి వంగి చూస్తున్నారు. అక్కడ మిషను చప్పుడే వినిపిస్తోంది. మళ్లీ మొదలుపెడుతున్నారు.

“ఎవరూ లేరంటే అందరూ చప్పట్లు కొట్టారు సరోజా. నువ్వేమంటావ్?”

ఈసారి చాలాసేపు ఆగారు. నాకు ఏడుపు ఆగక గోడ వైపు తిరిగాను.

ఆ వారం గడవకముందే సరోజ గారు పోయారు. చర్చ ఇంకా తేలలేదు, ఇప్పట్లో తేలేలా కూడా లేదు. మాస్టారు ఆ పొద్దున చెప్పింది తప్పని నేను ఇప్పటికీ అనను. సాయంత్రం చేసింది తప్పనడానికీ నాకు నోరు రాదు.

పంజాగుట్ట ఆస్పత్రులకు వెళ్లేవారికి ఒక మాట. సాయంత్రం చౌరస్తాలో బండ్లు కదలవు, అమీర్‌పేట నుంచి నడిచే వెళ్లండి. లోపల ఉండనిచ్చేది కాసేపే. దారిలో పోయిన సమయమంతా మీరు మాట్లాడే సమయంలోంచే తగ్గుతుంది.