కొంగున ఐదు ముళ్లు

మొన్న నెల మాత్రల కోసం సంగారెడ్డి ఆసుపత్రికి వెళ్తే, అక్కడి కౌన్సెలర్ అమ్మాయి ఐదు మాటలు చెప్పి, కాసేపాగి అడుగుతాను, గుర్తుపెట్టుకోమంది. ఈమధ్య పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోతున్నానని ముందు మొరపెట్టుకున్నది నేనే లెండి. ఆ పిల్ల చూడకుండా బల్ల కింద కొంగుకు ఐదు ముళ్లు వేసుకున్నాను. తీరా అడిగేసరికి ముళ్లు ఐదూ ఉన్నాయి, మాటలు మాత్రం రెండే మిగిలాయి.

ఆమె నవ్వలేదు. ఇన్నేళ్ల హెచ్‌ఐవీ, చిన్నప్పుడు పడ్డ భయం, రెండూ కలిస్తే కొందరు ఆడవాళ్లకు జ్ఞాపకం, ఆలోచన మందగించవచ్చని మెల్లగా చెప్పి, మీ చిన్నతనం ఎలా గడిచిందని అడిగింది. అమ్మ పోయాక జిన్నారంలో మేనమామ ఇంట్లో పెరిగాను, అడిగినదానికి తడబడితే కొట్టి గదిలో పెట్టి గొళ్లెం వేసేవాడు. అప్పటినుంచీ ఎవరైనా ఎదురుగా కూర్చుని ప్రశ్న వేస్తే తెలిసిన సంగతి కూడా నోటికి రాదు.

ఆ ముళ్లు నాకు నేర్పింది ఆపా. పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీ ప్యాకింగ్ విభాగంలో నా పక్కన కూర్చునే పెద్దావిడ, అక్క అని ఉర్దూలో అలా పిలిచేదాన్ని. పొద్దున కంపెనీ బస్సులో ఇంటి పని ఒక్కోదానికి కొంగున ఒక్కో ముడి వేసుకుని, అది దేనికో ఒకరి చెవిన ఒకరం వేసేవాళ్లం. సాయంత్రం దిగేముందు అడిగి విప్పుకునేవాళ్లం. నా ఇంట్లో ఉప్పు నిండుకున్న సంగతి నాకంటే ఆమెకే బాగా గుర్తుండేది.

మా ఆయన ఈ జబ్బుతోనే పోయి, నాకూ ఉందని తెలిశాక, తోటివాళ్లు టిఫిన్ డబ్బాలు దూరం జరుపుకున్నారు. ఆపా మాత్రం తన రొట్టె నా డబ్బాలో పెట్టి, నా కూర తను తిని, నా కొంగు లాక్కుని మాత్ర కోసం ఒక ముడి వేసింది.

"గోలీ మర్వకు చెల్లే. మర్చినా పరేషాన్ గాకు, నేను యాది చేస్త."

ఆనాడు బస్సులో ఎంత ఏడ్చానో! ఆ తర్వాత ఏళ్ల తరబడి, బస్సు దిగేముందు మాత్ర గుర్తుందా అని ఆపా అడగని రోజు లేదు.

ఆపా కన్నుమూసి నాలుగేళ్లయింది. ఇప్పుడు వేళకు ఫోన్ మోగుతుంది, మాత్ర తప్పడం లేదు. ఆ మాట చెబితే కౌన్సెలర్ అమ్మాయి కూడా మెచ్చుకుంది. కానీ ఆ రోజు తిరుగు బస్సులో కొంగు చూసుకుంటే ముళ్లు అలాగే ఉన్నాయి, ఇవి దేనికేసుకున్నానే ఆపా అని పక్క సీటు వైపు తిరిగాను. అక్కడెవరో అమ్మాయి ఫోన్ చూసుకుంటోంది. ముడి వేసుకోవడం నా చేతులింకా మర్చిపోలేదు, అది దేనికో చెప్పుకోవడానికి మనిషే లేదు.