గోచి సంగతి అడగలేదు

ఒక కేసు గురించి డాక్టర్ల సభల్లో చాలాసార్లు మాట్లాడాను. ప్రతిసారీ సగమే చెప్పాను. మిగతా సగం ఇది.

1966లో సూళ్లూరుపేటలో ఒక చిన్న ఆస్పత్రిలో సర్జన్‌ని. పులికాట్ ఒడ్డు పల్లె నుంచి పోలయ్య అనే జాలరి, భార్య రవణమ్మ వచ్చారు. పడవ అంచు మీద కాళ్లు చెరోవైపు పడేలా జారిపడ్డాడట. గాయం మానింది గానీ అంగస్తంభన పోయింది. అతను తల వంచుకు కూర్చుంటే ఆమే చెప్పింది.

"మా అమ్మోళ్లు నన్ను తీసకపోతామంటన్నారయ్యా. నాకు ఈయన్ని ఇడిసిపెట్టాలని లేదు."

మద్రాసులో నేర్చుకున్న ఇంప్లాంట్ సర్జరీ చేశాను. ఇంప్లాంట్ అంటే శరీరం లోపల శాశ్వతంగా అమర్చేది. అప్పట్లో అది కట్టుడు పళ్లకు వాడే ఆక్రిలిక్‌తో చేసిన గట్టి కడ్డీ, వంగదు. ఆ పనిలో చెయ్యి తిరిగినవాణ్ణి. చీము పట్టలేదు, కుట్లు చక్కగా కలిశాయి. తర్వాత చెకప్‌కి వచ్చినప్పుడు రవణమ్మ మొహం చూస్తేనే కాపురం నిలబడిందని తెలిసింది. సభల్లో ఇక్కడిదాకానే చెప్పేవాణ్ణి.

"పడవెక్కుతున్నావా?" అని ఆ రోజే పోలయ్యని అడిగాను.

"లేదయ్యా. గట్టు మీద వలలు బాగుచేస్తన్నా."

"ఏం, నొప్పా?"

రవణమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నొప్పేం లేదు. మేం గోచి కట్టి గదయ్యా నీళ్లల్లో దిగేది. అది పడుకోదు. ఒకనాడు పడవెక్కితే 'ఏం పోలన్నా, తెరచాప కొయ్య నువ్వే తెచ్చినావా?' అని పడవంతా నవ్వినారు. మా మామ, దీని నాయన, ఆయన కూడా అదే పడవలో ఉండె."

కడ్డీ ఎప్పుడూ నిటారుగానే ఉంటుందని నాకు తెలుసు. ప్యాంటులో దాగేది గోచిలో దాగదని మాత్రం తోచలేదు. అయినా అసలు తప్పు అది కాదు. ఎప్పుడూ అలాగే ఉంటుందని ముందే చెబితే వద్దంటాడేమోనని చెప్పలేదు. ఆ ఆపరేషన్ నా చేత్తో చేయాలని అంత ఆరాటం.

"తీసేయమంటావా?"

"వద్దయ్యా!" ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

దాన్ని పొట్టకి ఆనించి పైకి నిలిపి, పహిల్వాన్ల లంగోటా బిగించి, దాని మీద గోచి కట్టడం చూపించాను. మళ్లీ పడవెక్కాడు. అప్పుడు కూడా తప్పు నాదని నేను ఒప్పుకోలేదు. అప్పటినుంచి కత్తి పట్టే ముందు ప్రతి రోగినీ ఏం పని చేస్తావు, పనిలో ఏం కట్టుకుంటావు అని అడుగుతున్నాను. జరగబోయేది దాచకుండా చెబుతున్నాను.

ఊరు మారేముందు వాళ్ల పల్లెకు వెళ్లాను. పోలయ్య పడవ దిగి వస్తున్నాడు. ఉన్నదంతా చెప్పాను.

అతను నవ్వాడు. "ముందే చెప్పినా చేయించుకునేవాణ్ణే గదయ్యా."

"ఆ మాట అప్పుడే నీ నోట వినాల్సింది పోలయ్యా. నీకా అవకాశమే ఇవ్వలేదు. తప్పు నాది, నన్ను క్షమించు."