చదివించని మూడు నెలలు

సోమాజిగూడలో నేనిప్పుడు పనిచేసే ఆఫీసులో సర్వర్ గది తలుపు తీయగానే చల్లగాలితో పాటు ఫ్యాన్ల హోరు మీద పడుతుంది. ఈ ఉదయం ఆ హోరులోంచి ఒక డిస్కు టిక్కు టిక్కుమని కొట్టుకోవడం వినిపించింది. మార్చాల్సిందే. వెంటనే ఆ పని చూడకుండా స్టూలు మీద కూర్చుండిపోయాను. యాదగిరి సార్ గుర్తొచ్చారు.

పంజాగుట్టలో ఒక స్కానింగ్ సెంటర్‌లో ఆయన కంప్యూటర్ల విభాగానికి పెద్ద. అమీర్‌పేట హాస్టల్లో ఉండి కోర్సు పూర్తిచేసిన నాకు ఆయన దగ్గరే మొదటి ఉద్యోగం. రోగుల స్కానులన్నీ రెండు డిస్కుల్లో ఉండేవి. ఒకదానిలో రాసిందే రెండోదానిలోనూ రాసేలా సాఫ్ట్‌వేర్ వాటిని జత చేసేది. ఒకటి పోయినా రెండోది ఉంటుందని అందరికీ ధీమా, ఆయనకు తప్ప. డిస్కు మీద అక్కడక్కడా కొన్ని చోట్లు పాడవుతాయి. వాటినే బ్యాడ్ బ్లాకులంటారు. అక్కడున్నది చదవబోయేదాకా పాడైన సంగతి తెలియదు. వేళకు తెలిస్తే రెండో డిస్కులోంచి తెచ్చి సరిచేయొచ్చు. అందుకే నెలకోసారి రెండు డిస్కులనూ మొదటి నుంచి చివరిదాకా చదివించాలని ఆయన పట్టు. ఆ పని నాకప్పగించారు.

"పచ్చ లైటును నమ్మకు బిడ్డా. డిస్కు తిరుగుతున్నదని చెప్తది, గంతే. లోపల ఏమున్నదో సదివితెనే ఎరుక," అనేవారు.

చదివించడం మొదలుపెడితే స్కానులు తెరుచుకోవడం నెమ్మదించేది. డాక్టర్లు ఫోన్ చేసి నన్ను విసుక్కునేవారు. ఒక వేసవిలో ప్రాణం విసిగి మధ్యలో ఆపేశాను. తర్వాతి నెలా అంతే. ఆపై నెల మొదలే పెట్టలేదు. సార్ అడిగితే అంతా బాగానే ఉందన్నాను. ఆయన నమ్మారు.

వానలు మొదలయ్యాక ఒక డిస్కు పూర్తిగా చచ్చిపోయింది. కొత్తది పెట్టి, మిగిలినదాన్నుంచి నకలు తీస్తుంటే మధ్యలో ఆగిపోయింది. బతికున్న డిస్కులోనూ కొన్ని బ్లాకులు చదవడానికి రాలేదు. రెండు రోజులు కుస్తీ పడితే ఒక్క స్కాను తప్ప అన్నీ దక్కాయి. అది ఎర్రమంజిల్ క్వార్టర్స్‌లో ఉండే ఒక టీచరమ్మది. ఆవిడ ఊపిరితిత్తిలో కొత్తగా ఓ మచ్చ కనిపించింది. అది అంతకుముందే ఉందా లేదా చూడాలని డాక్టరు ఆ పాత స్కానే అడిగారు.

"మూడు నెలలుగా నేను చదివించలేదు సార్," అన్నాను.

ఆయన అరవలేదు. కళ్ళద్దాలు తీసి మొహం తుడుచుకున్నారు. "నేను సుత ఒక్కపారి చూడలే. నడువు, ఆమెకు చెప్పొద్దాం."

"ఫోన్లో చెప్పేద్దాం సార్," అని బతిమాలాను.

"ఫోన్ల చెప్తే మనకు అల్కగ అయితది బిడ్డా. ఆమెకు గాదు."

టీచరమ్మ మమ్మల్ని కూర్చోమని మంచినీళ్ళిచ్చింది. సార్ ఏదీ దాచకుండా చెప్పారు. "తప్పు మాదమ్మా. మెషిన్ది కాదు."

"నాదేనండీ," అన్నాను తల దించుకుని.

ఆవిడ నా వంక చూసింది. "అయితే ఇప్పుడు సూది గుచ్చి ముక్క తీస్తారన్నమాట," అంది.

సూది గుచ్చాక ఊపిరి ఆడక ఆవిడ నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండాల్సొచ్చింది. చివరికి ఆ మచ్చ ప్రమాదం లేనిదని తేలింది. పాత స్కానుంటే బహుశా ఆ సూదే అక్కర్లేకపోయేది. ఆ నాలుగు రోజులూ సార్ సాయంత్రాలు వెళ్ళి చూసొచ్చారు. నేను ఒక్కరోజే వెళ్ళగలిగాను.

సార్ పోయిన ఏడాది చనిపోయారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నా చేతుల్లో మరికొందరి ఫైళ్ళు పోయాయి, ఎంత జాగ్రత్తపడ్డా. ప్రతిసారీ ఫోను చేతిలోకి తీసుకుంటాను. కాసేపటికి దాన్ని పక్కన పెట్టి, చెప్పులేసుకుని వాళ్ళ దగ్గరికి బయల్దేరతాను. ఎవరి గుమ్మంలోనూ నాకింతవరకు ధైర్యం రాలేదు. వెళ్ళడం మాత్రం మానలేదు.