కోళ్లగూటికి తూము

దాసరయ్య చెక్కిన దేవుళ్లు నాలుగు జిల్లాల్లో పూజలందుకుంటున్నారు. ఆయన కట్టిన కట్టడం మాత్రం లోకంలో ఒక్కటే. అది ఆళ్లగడ్డలో ఆయన పెరట్లో ఉంది. అందులో కోళ్లుంటాయి. శాసనం వేయించే స్తోమత కోళ్లకు లేదు కనుక దాని చరిత్ర కాగితం మీద పెట్టవలసి వస్తోంది.

దాసరయ్యకు అరవై దగ్గర పడ్డాయి. పద్నాలుగో ఏట ఉలి పట్టాడు, ఇంతవరకూ దించలేదు. హైవే పక్కన రాళ్ల షెడ్డు, దాని వెనక ఇల్లు, ఇంటి వెనక పెరడు, పెరడు దాటితే ముళ్లకంపల వంక, ఎండిన చిన్న వాగు. షెడ్డు ఆయన రాజ్యం, పెరడు ఆయన భార్య నాగమణిది. రెండు రాజ్యాల మధ్య రాకపోకలు భోజనం వేళకే జరిగేవి.

నాగమణికి పద్నాలుగు నాటుకోళ్లుండేవి. పోయిన ఎండాకాలం వంకలో ఒక జంగుపిల్లి కాపురం పెట్టింది. చూడ్డానికి పిల్లే, కాకపోతే వీధిపిల్లికి రెండింతలు. కోళ్లను గంప కింద మూస్తే గంప తోసేసింది. గంప మీద రాయి పెడితే కింద మట్టి తవ్వింది. నెల తిరిగేసరికి నాలుగు మిగిలాయి. ఒక పుంజు, రెండు పెట్టలు, పదకొండు గుడ్ల మీద పొదుగుకు కూర్చున్న చుక్కల పెట్ట. ఇక కోళ్లంటూ ఉంటే ఆ పదకొండు గుడ్లలోంచే రావాలి.

"ఊరూరికీ దేవుళ్లను చేస్తావు, నా కోళ్లకు ఒక గూడు చెయ్యలేవా?" అంది నాగమణి. "ఈ చుక్కలది గూడా పోతే నేను మళ్లా కోడి మాట ఎత్తను. నువ్వు గూడా ఆదివారం కూర మాట ఎత్తొద్దు."

రెండో మాట దాసరయ్యను కదిలించింది.

మామూలు మనిషైతే నాలుగు చెక్కలు, గజం ఇనుప జాలీ తెచ్చుకునేవాడు. దాసరయ్య నంద్యాల గుడి కమిటీ వాళ్ల ఆంజనేయుణ్ణి తోక సగంలో ఆపేసి, కోతలో మిగిలిన నల్లరాతి పలకలను పెరట్లోకి దొర్లించాడు. వేళ్లతో కొలతలు వేశాడు. కింద పీఠం, నాలుగు గోడలు, పైన ఒకే పలక, ముందు గాడిలో సులువుగా జరిగే రాతి తలుపు. మూడు రోజులు పట్టింది.

పక్కింటి పరంజ్యోతి గోడ మీదుగా తొంగి చూసింది. "అన్నా, తిరునాళ ఎప్పుడు పెడతాండావ్?"

"పెట్టేటప్పుడు చెప్తాలేమ్మా. ముందు పక్కకు జరుగు, నీడ పడతాంది."

మూడో రోజు పొద్దుగూకే వేళ, చుక్కల పెట్టను గుడ్లతో సహా లోపలికి చేర్చారు. మిగతా మూడూ తమంతట తామే వెళ్లాయి. దాసరయ్య తలుపు జరిపి, చేతులు దులుపుకుని, ఆ రాత్రి నెల రోజుల నిద్ర ఒక్కసారే పోయాడు.

పొద్దున నాగమణి తలుపు జరిపింది. పెట్టలు రెండూ ఒక మూల నక్కి ఉన్నాయి. చుక్కలది గుడ్లు వదిలి నిలబడి ఉంది. పుంజు లేదు. తలుపు చెక్కుచెదరలేదు, పైపలక కదల్లేదు. ఉత్తరపు గోడ అడుగున మాత్రం ఎర్రటి ఈకలు అంటుకుని ఉన్నాయి. అక్కడ గుండ్రంగా, నున్నగా, జానెడుకు కొంచెం తక్కువగా ఒక రంధ్రం ఉంది. బయటి వైపు దానికి చక్కటి మూతి కూడా ఉంది.

"ఇదేందీ?"

"తూము."

"కోళ్లగూటికి తూమెందుకు?"

దాసరయ్య వంగి దాని మూతి తడిమాడు. దాన్ని చెక్కిన జ్ఞాపకం ఆయనకు లేదు. గర్భగుడి అన్నాక అభిషేకం నీళ్లు బయటికి పోవడానికి ఉత్తరపు గోడలో తూము ఉంటుంది. నలభై ఏళ్లకు పైగా ఎన్ని గుళ్లకు అలాంటి తూములు చెక్కి ఇచ్చాడో లెక్కలేదు. నాలుగు రాతి గోడలు లేచేసరికి చెయ్యి తన పని తాను చేసుకుపోయింది.

"మరి నీళ్లు యాడికి పోవల్ల?" అన్నాడు.

"కోళ్లకు అభిషేకం చేస్తావా నువ్వు?"

గోడ అవతల నుంచి పరంజ్యోతి అడిగింది: "ప్రసాదం పిల్లి తినిపాయనా అన్నా?"

నాగమణి గూటి ముందు కూర్చుంది. లోపలికి వంగి గుడ్లు ఒక్కొక్కటే తీసి చెంపకు ఆనించుకుంది. పదకొండోది దించాక, "ఇంకా వెచ్చగానే ఉండాయి" అంది. చుక్కలదాన్ని ఎత్తి గుడ్ల మీద పెట్టింది. అది కాసేపు ఆలోచించి కూర్చుంది. గుడ్లు పగలడానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి.

ఆంజనేయుడి తోక మళ్లీ ఆగింది. దాసరయ్య అదే రాతిలోంచి ఒక మూత చెక్కాడు. తూములు చెక్కడమే గాని మూయడం ఆయనకు ఇదే మొదలు. తప్పు చేస్తున్నవాడిలా, ఎవరి ముఖం చూడకుండా సాయంత్రం దాకా అరగదీశాడు. బిగిస్తే సందులో కాగితం దూరలేదు. బరువు మాత్రం నాగమణి ఎత్తగలిగేది కాదు.

తర్వాత నాలుగు పొద్దులు ఆ మూత మీద కొత్త గోళ్ల గీతలు కనిపించాయి. ఐదో పొద్దున కనిపించలేదు. గడువు తీరేసరికి తొమ్మిది పిల్లలు బయటికొచ్చాయి. రెండు గుడ్లు మురిగిపోయాయి, అందులో పిల్లి తప్పు లేదు.

పిల్లలకు పది రోజులు నిండాక నాగమణి కోళ్లన్నిటినీ బయటికి తోలి, కంపు భరించలేక గూట్లో రెండు బిందెల నీళ్లు కుమ్మరించి కడిగింది. నీళ్లు కదల్లేదు. రెట్టలతో కలిసి తొట్టిలోలా నిలబడ్డాయి.

"ఏమయ్యో," అని షెడ్డు వైపు కేకేసింది. "ఈ నీళ్లు యాడికి పోవల్ల?"

దాసరయ్య నవ్వలేదు. అంతటి గెలుపును నవ్వి పాడుచేసుకునే మనిషి కాడు. వచ్చి మూత లాగాడు. నీళ్లు ఉత్తరపు దిక్కుగా, శాస్త్రప్రకారం, వంకలోకి పోయాయి. ఆ రోజు నుంచి పొద్దున మూత తీయడం, పొద్దుగూకేలోపల బిగించడం ఆయన ఉద్యోగం.

పోయిన నెల నంద్యాలలో ఆంజనేయుడి ప్రతిష్ఠ. తోక పూర్తయింది. ముందురోజే విగ్రహంతో వెళ్లిన శిల్పిని రాత్రికి ఉండిపొమ్మని కమిటీ పెద్ద బతిమాలాడు. పొద్దున శాలువా కప్పాలి, ఫోటో తీయాలి.

"కుదరదప్పా. మాపటికల్లా ఇంటికి పోయి తూము మూయల్ల."

"ఏ గుడి తూమప్పా?"

"గుడి కాదు, కోళ్లది."

కమిటీ పెద్ద శాలువా అప్పుడే కప్పి పంపించాడు. మడిచిన శాలువా ఒళ్లో పెట్టుకుని దాసరయ్య బస్సెక్కాడు. పెరట్లోకి వచ్చేసరికి వెలుతురు ఇంకా కొంచెం మిగిలే ఉంది. నాగమణి గూటి పక్కన నిలబడి ఉంది.

"బేగా రా. తొమ్మిదీ లోపలికి పోయినాయి."

శాలువా గోడ మీద పడేసి ఆయన తూము మూయడానికి మూత ఎత్తాడు.