మూడు ఊలాంగులు, ఒక ఫ్యాను గాలి

ఆ రోజుల్లో 'తెలియదు' అన్న మాట నోటివెంట వస్తే చాలు, ఉద్యోగం పోతుందని నాకు గట్టి నమ్మకం. ఇరవై రెండేళ్లు, చేతిలో డిగ్రీ కాగితం, బుర్రలో అంతకు మించి ఏమీ లేదు. నరసన్నపేటలో హైవే పక్కన, టీపొడి ప్యాకెట్లు కట్టి చుట్టుపక్కల ఊళ్లకు పంపే చిన్న కంపెనీకి ఇంటర్వ్యూకి వెళ్లాను. (కంపెనీ అంటే ముందు కొట్టు, వెనక గోడౌను, మధ్యలో షావుకారు గారు.) ఆయన నన్ను ఎగాదిగా చూసి, "టీల్లో తేడాలు తెలుస్తాయేటమ్మా నీకు?" అని అడిగారు. మా ఇంట్లో ఉన్నవి రెండే టీలు: అల్లం వేసినది, అల్లం నిండుకున్నప్పటిది. "బాగా తెలుస్తాయండి" అన్నాను. మూడు నెలలు చూసి ఖాయం చేస్తామన్నారు.

రెండున్నర నెలలు ఫోన్లెత్తుతూ, ఆర్డర్లు రాసుకుంటూ హాయిగా గడిచిపోయాయి. ఒక సోమవారం షావుకారు గారు మూడు రేకు ప్యాకెట్లు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. భావనపాడు సముద్రం పక్కన ఒక మేడమ్ రిసార్టు పెడుతోందట, ఆవిడకు చైనా ఊలాంగ్ టీ కావాలట. ఊలాంగ్ అంటే గ్రీన్ టీకీ మనం తాగే టీకీ మధ్యరకం, ఆకును పూర్తిగా మాగనివ్వకుండా మధ్యలో ఆపేస్తారు. వాటిలో మళ్లీ మూడు రకాలు తెప్పించారు. "ఇది తీగవాణి, ఇది ఊయి కొండల టీ, ఇది డాన్సు సాంగు" అని పరిచయం చేశారాయన. (తీగ్వాన్‌యిన్, వుయీ, డాన్‌సాంగ్ అని ప్యాకెట్ల మీద ఉంది. నేనూ చాలాకాలం ఆయన పేర్లతోనే పిలిచాను.) "శనివారం మేడమ్ వస్తాది. మూడింటికీ తేడా నువ్వే సెప్పాలి. మన కంపెనీలో తెలిసినదానివి నువ్వొక్కదానివే కదేటి!" అన్నారు. నేను తలూపి, మూడింటిలోంచీ గుప్పెడేసి ఆకు పొట్లాలు కట్టుకున్నాను.

ఆ సాయంత్రమే ఇంట్లో ప్రయోగం మొదలుపెట్టాను. మూడు గిన్నెల్లో మూడు ఆకులు వేసి, పాలు పోసి, పంచదార వేసి, అల్లం దంచి, బాగా మరిగించి వడకట్టాను. మూడూ అచ్చంగా అమ్మ పెట్టే టీలాగే ఉన్నాయి, కాకపోతే కాస్త పాడైనట్టు. నాన్న మూడు గ్లాసులూ తాగి "మూడోది బాగున్నాదమ్మా" అన్నారు. తీరా చూస్తే, మూడో గ్లాసులోనూ నేను పొరపాటున మొదటి టీయే పోశాను. ఏడుపొచ్చేసింది. అప్పుడే మా పెద్దమ్మ వచ్చింది. బాప్టిస్టు చర్చిలో కూడికలకు రెండు వందల మందికి టీ కాచే మనిషి, ఆ విషయంలో పాస్టరు గారు కూడా ఆవిడకు ఎదురు చెప్పరు.

"ఓలమ్మ! పాలు పోసీసేక ఇంకేటి తేడా తెలుస్తాదే గుంటా?" అంటూ గిన్నెలన్నీ దొడ్లో పారబోసి, మళ్లీ వట్టి వేడినీళ్లతో మొదలుపెట్టింది. తీగవాణి ఉండలు నీళ్లలో పడగానే విచ్చుకుని ఆకులకు ఆకులయ్యాయి. పెద్దమ్మ వాసన చూసి, "తడిగడ్డి మీద సంపెంగలు పోసినట్టున్నాది" అంది. నల్లగా మెలితిరిగిన కొండ టీని చూసి, "సున్నుండలకి మినుములు ఏపుతా ఎవలితోనో మాటల్లో పడిపోతే, అలాగొస్తాది ఈ వాసన. గొంతు దిగేక మాత్రం కొత్తకుండలో నీళ్లలాగున్నాది" అంది. డాన్సు సాంగు మాత్రం ఇంకో గుక్క తాగింది. "పనసతొన తేనెలో ముంచి తిన్నట్టున్నాది. ఎక్కువసేపు నానబెట్టేవనుకో, ఏపపుల్లే!" నేను ఆకు పారేయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇంత మంచాకు పారేస్తావేటి? మళ్లీ నీళ్లు పొయ్యి." రెండోసారి వచ్చిన టీ మొదటిదానికన్నా బాగుంది.

ఇంతా విని నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, మినుములూ పనసతొనలూ మేడమ్ ముందు చెబితే పరువు పోతుందని నెట్ సెంటర్‌కి వెళ్లి, 'ఆర్కిడ్ సువాసన', 'ఖనిజపు రుచి' లాంటి మాటలు కాగితం మీద ఎక్కించుకుని నాలుగు రోజులు బట్టీపట్టడం.

శనివారం మేడమ్ వచ్చింది. తెల్లటి పొందూరు ఖద్దరు చీర, మెత్తటి మాట. భర్త ఉద్యోగం వల్ల చైనాలో ఆరేళ్లు ఉండి వచ్చానని చెప్పింది. (ఈ సంగతి షావుకారు గారికీ తెలియదు. ఆయన ముఖం పాలిపోవడం నేను చూశాను.) మూడు కప్పులు పెట్టి, ఒక్కొక్కదాని ముందు పేరు రాసిన చీటీ పెట్టాను. మర్యాద కోసం షావుకారు గారు ఫ్యాను జోరు పెంచారు. చీటీలు మూడూ ఎగిరి బల్ల కింద పడ్డాయి. ఏరి, తోచినట్టు పెట్టేసి, మొదటి కప్పు చూపిస్తూ కళ్లు మూసుకుని అప్పజెప్పాను: "ఇది తీగ్వాన్‌యిన్ అండి, లేత ఆర్కిడ్ సువాసన..."

మేడమ్ కప్పు ముక్కు దగ్గర పెట్టుకుని, "మాడు వాసన వస్తోంది కదమ్మా?" అంది.

బట్టీపట్టిన మాటలన్నీ చీటీలతో పాటే ఎగిరిపోయాయి. "నాకు తెల్దండి" అన్నాను. జీవితంలో మొదటిసారి. "పేర్లు కలిసిపోయాయండి. నాకు ఊలాంగ్ గురించి ఏమీ తెల్దు."

షావుకారు గారు కళ్లు మూసుకున్నారు. మేడమ్ మాత్రం కోప్పడలేదు. "పేర్లు పోనీ. తాగితే ఎలా ఉన్నాయో అది చెప్పు" అంది. ఇక దాచడానికేముంది! ఒక్కో కప్పూ వాసన చూసి, మాడిన మినుములూ, కొత్తకుండా, తడిగడ్డి మీది సంపెంగలూ, తేనెలో పనసతొనా, వేపపుల్లా అన్నీ చెప్పేశాను. రెండోసారి నీళ్లు పోస్తేనే బాగుంటుందని కూడా చెప్పాను. ఆవిడ నవ్వుతూ నా మాట ప్రకారం చీటీలు ఒక్కొక్కటీ సరైన కప్పు ముందుకు జరిపింది. "అక్కడ ఆరేళ్లున్నాను, ఇంత తేటగా నాకెవరూ చెప్పలేదు" అని, సంపెంగదీ మినుములదీ పంపమంది.

ఆవిడ కారు కదిలిందో లేదో షావుకారు గారు కుర్చీలో కూలబడి కండువాతో ముఖం తుడుచుకున్నారు. తిడతారనుకున్నాను. ఆయన తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి, "నాకైతే మూడూ ఒకలాగే ఉన్నాయమ్మా. ఎవలికీ సెప్పకు" అన్నారు. ఇద్దరం కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వుకున్నాం. ఆ మధ్యాహ్నం బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, వారం రోజులుగా బిగబట్టిన ఊపిరి అప్పుడే వదిలినట్టయింది.

తర్వాత చాలా ఏళ్లు ఆ వ్యాపారంలోనే ఉన్నాను, కాస్తోకూస్తో పేరూ వచ్చింది. మొన్నీమధ్య ఒకరు కొత్త ఊలాంగ్ కప్పు చేతికిచ్చి ఎలా ఉందో చెప్పమన్నారు. నేను వాసన కూడా చూడకుండా, "దీని పేరేమిటి?" అని అడిగాను. అడిగాక, 'పేర్లు పోనీ' అన్న మేడమ్ మాట గుర్తొచ్చి నాకే నవ్వొచ్చింది. కళ్లజోడు తీసి పక్కన పెట్టి, కప్పు ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాను.