వీపు మీద తన్ను

ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తన్నితే పట్టేసిన నడుము వదులుతుందని మా కోనసీమలో ఇప్పటికీ నమ్ముతారు. ఆ వైద్యం నడుముది. నాకు పట్టేసింది వీపు పైభాగం, కుడి భుజం రెక్క పక్కన. ఆ తేడా మా అత్తగారి బుర్రకి ఎక్కించడం నా వల్ల కాలేదు.

కొత్తపేటలో మా ఇంటి వరండాలో మిషన్ వేసుకుని జాకెట్లు కుడతాను. మెడ వంచి కుట్టీ కుట్టీ, సరిగ్గా పెళ్ళిళ్ళ ముందు నా కుడి చెయ్యి పైకి లేవడం మానేసింది. జడ వేసుకోలేను, దండెం మీద తడిబట్ట వేయలేను. మా ఆయన కువైట్ నుంచి ఫోన్ చేసి, "పెళ్ళిళ్ళ టైముకి తగ్గకపోతే ఆ మిషన్ అమ్మేసేయ్. నేను పంపుతున్నాను కదా" అన్నాడు. నోరు ఆయనది, మాట వాళ్ళమ్మది. మిషన్ ఉంటే వచ్చిన ఆడవాళ్ళు ఆవిడని దాటి నాతో మాట్లాడతారు. ఆవిడ కడుపుమంట అది. ఆ ఇంట్లో నాదంటూ ఉన్నది ఆ మిషన్ ఒక్కటే. దాన్ని పోనిచ్చే ప్రశ్నే లేదు.

బస్టాండు దగ్గర మందుల షాపు మేడ మీద ఒక ఫిజియోథెరపీ అమ్మాయి ఉంటే వెళ్ళాను. వేడి ప్యాక్ వేసింది, వీపుకి కరెంటు ప్యాడ్లు అంటించింది, గట్టిపడ్డ కండ మీద బొటనవేలు పెట్టి అదే వదిలేదాకా నొక్కింది. తిట్టుకున్నాను కానీ, లేచాక మెడ కాస్త తిరిగింది.

"ఇక్కడ నేను చేసేది కొంచెమేనండీ. మిగతాదంతా మీరు ఇంటిదగ్గర చెయ్యాలండీ" అంది. తువ్వాలు చుట్టి వీపు కింద అడ్డంగా పెట్టుకుని పడుకోవాలి. రెండు రెక్కలూ వెనక్కి దగ్గరగా లాగి పట్టాలి. స్టూలు ఎత్తు పెంచుకోవాలి, కుడుతూ కుడుతూ మధ్యలో లేవాలి. అన్నిటికన్నా ముఖ్యం గుమ్మం. మోచేతులు భుజాల ఎత్తులో ద్వారబంధానికి ఆన్చి, ఒక కాలు గడప దాటించి, ఛాతీ ముందుకి వంచాలి.

మా ఇంట్లో అలా నిలబడడానికి వీలున్నది వీధిగుమ్మం ఒక్కటే. నేను నిలబడ్డ మొదటిరోజే అత్తగారు అందుకుంది.

"గుమ్మంలో నిలబడకూడదమ్మా. లక్ష్మి వచ్చే దారి. దీపాలవేళ ఆ చేతులు చాపుకుని నిలబడ్డమేంటి, దిష్టిబొమ్మలాగ!"

పొద్దున్న చేస్తే పొద్దున్న తిట్టింది, సాయంత్రం చేస్తే సాయంత్రం తిట్టింది. ఫిజియో వల్ల నొప్పి తగ్గుతోంది కానీ నెమ్మదిగా తగ్గుతోంది. పెళ్ళిళ్ళు మాత్రం దగ్గరపడుతున్నాయి. అప్పుడు అత్తగారు పక్కవాటాలో ఉన్న మా తోడికోడల్ని పిలిచింది. ఆ తోడికోడలు ఎదురుకాళ్ళతో పుట్టింది. సరిహద్దులో ఉన్న కొబ్బరిచెట్టు గురించి పడ్డ తగాదాతో మా ఇద్దరికీ మాటల్లేవు.

"అక్కయ్యగారు అడిగేరాండీ? ఆవిడ నోటితో అడిగితే తంతానండీ" అంది, అత్తగారికేసి చూస్తూ.

మిషన్ కోసం అడిగాను. నన్ను గోడకేసి తిప్పి నిలబెట్టారు. ఆవిడ కాలు శుభ్రంగా కడుక్కుని వచ్చి తన్నింది. నొప్పిని కాదు, కొబ్బరిచెట్టుని తన్నింది. కళ్ళు బైర్లు కమ్మాయి. చెయ్యి అంతకుముందు లేచిన ఆ కాస్తా కూడా లేవలేదు.

ఫిజియో అమ్మాయి నా వీపు చూసి, "ఇదేంటండీ, ఎవరు కొట్టేరండీ?" అని కంగారుపడింది. చెప్పాను. "ఇంకోసారి తన్నించుకుంటే నా దగ్గరికి రావద్దండీ" అంది. ఆ కోపం నాకు ఎంత హాయిగా ఉందో! నా తరఫున కోప్పడ్డ మనిషి ఆ ఊళ్ళో ఆ అమ్మాయి ఒక్కతే.

కమిలిన చోటు తగ్గాక మళ్ళీ మొదటినుంచీ. ఈసారి అత్తగారి అరుపులు చెవిన పెట్టలేదు. కావాలనే ఆవిడ దీపం పెట్టేవేళకి గుమ్మమంతా నిండేలా చేతులు ఆన్చి నిలబడేదాన్ని. ఓ రోజు తడి చీర దండెం మీదికి విసిరితే చెయ్యి నిటారుగా లేచింది. అక్కడే కూర్చుని ఏడ్చాను. మర్నాడు మిషన్ మీద గుడ్డ తీశాను. పెళ్ళి జాకెట్లు ఒక్కటీ ఇంకో టైలరు దగ్గరికి పోలేదు.

ఇక అత్తగారు చేసింది వినండి. నా వరండాలో, నా ఖాతాదారుల ముందు కూర్చుని, "మా చిన్నకోడలు ఒక్క తన్ను తన్నింది, దీనికి చెయ్యి వచ్చేసింది" అని చెప్పడం మొదలుపెట్టింది. పక్క ఊరు పలివెల నుంచి కూడా తన్నించుకోవడానికి వచ్చారు. మా ఆయన ఫోన్లో, "మరదలి కాలు మంచిదేనే" అని నవ్వాడు. నేను ఫోన్ పెట్టేశాను. తన్ను తిన్నది నేను, గోడకీ గుమ్మానికీ వేలాడింది నేను, పేరేమో ఆ కాలిది. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

మా అత్తగారికి కూర్చుని కొబ్బరాకుల ఈనెలు తీసి చీపుళ్ళు కట్టే అలవాటు. వంగి వంగి ఆవిడకీ వీపు పట్టేసింది. పిలిస్తే పలికే దూరంలో చిన్నకోడలు ఉంది, ఆ మహత్తు గల కాలు ఉంది. నేను ఎదురుచూశాను. ఆవిడ పిలవలేదు.

ఓ మధ్యాహ్నం నేను పడుకున్నాననుకుని ఆవిడ వీధిగుమ్మంలోకి వెళ్ళింది. అటూ ఇటూ చూసి, రెండు చేతులూ ద్వారబంధానికి ఆన్చి, మూలుగుతూ ముందుకి వంగింది.

నేను వెనకనే నిలబడి అన్నాను: "గుమ్మంలో నిలబడకూడదు అత్తయ్యగారూ. లక్ష్మి వచ్చే దారి."

ఆవిడ వెనక్కి తిరగలేదు. చేతులూ తీయలేదు. "ఆయ్, నువ్వు నిలబడి నిలబడి ఆవిణ్ణి ఎప్పుడో పంపించేసేవు కదా" అంది.

"మోచేతులు కిందకి ఉన్నాయి. భుజాల ఎత్తుకి పెట్టండి" అని చెప్పి, వెళ్ళి మిషన్ తొక్కడం మొదలుపెట్టాను.